సర్దిన సంచులన్నీ విప్పిన పొద్దు

ఫ్రిజ్ తలుపు తెరిచిన ఉషారాణి అక్కడే కొయ్యబారిపోయిన చోట పోయిన వారం ఆపుకున్నాం. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

ఉషారాణి ఖమ్మంలో సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు. ఆమె భర్త బలరాం కరెంటు ఆఫీసులో ఇంజనీరు. ఇద్దరూ జూలూరుపాడు పక్క తండాల్లో పుట్టి, చదువుకుని, కొలువులొచ్చి టౌనులో కాపురం పెట్టినవాళ్లే. ఏడో తరగతి చదువుతున్న శ్రావణి వాళ్లకు ఒక్కతే కూతురు. పోయిన వానాకాలంలో ఆ పిల్లకు షుగరు బయటపడింది. పెద్దవాళ్లకు వచ్చేది కాదు, పిల్లలకు వచ్చే రకం. ఒంట్లో ఇన్సులిన్ అనేది పుట్టదు. బయటి నుంచి సూదితో ఇస్తేనే బతుకు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల నడుమ మాటలు పలచబడ్డాయి. అలాంటి రోజుల్లో బలరాం ఒక సాయంత్రం పెద్ద టెంటు కొనుక్కొచ్చి, పర్ణశాల దాటాక గోదావరి ఒడ్డున డేరా వేసుకుని ఐదు రోజులు హాయిగా ఉండి వద్దామన్నాడు. ఉషారాణి పొంగిపోయింది. సెలవు పెట్టింది. వారం పొడుగునా డ్యూటీ దిగి రాగానే సామాను సర్దింది. మామ పూల్‌సింగ్‌ను కూడా తండా నుంచి పిలిపించారు. అన్నీ కారులోకి ఎక్కాయి. చివరగా సర్దాల్సింది ఒక్కటే ఫ్రిజ్‌లో ఉంది.

తలుపు అరలో, కోడిగుడ్ల పక్కన ఎప్పుడూ ఉండే ఆ నీలం డబ్బా ఇప్పుడు లేదు.

ఉషారాణి ఒక్క క్షణంలో తేరుకుంది, ఇంకా కంగారు పడలేదు. పెరుగు గిన్నె జరిపి చూసింది. కొత్తిమీర కవరు తీసి చూసింది. కింది అరలో కూరగాయల బుట్ట మొత్తం బయటకు లాగింది. ఇన్సులిన్ నింపిన పెన్నులు, సూదులు, అదనంగా తెచ్చిపెట్టుకున్న మందు, అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉంటాయి. అది తనంతట తాను నడిచిపోయేది కాదు.

"శ్రావణీ, ఇన్సులిన్ డబ్బా తీసినవా?"

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది. కాసేపటికి "లేదు" అని వినిపించింది.

కింద గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఉషారాణి బాల్కనీలోకి వచ్చి వంగి చూసింది. బలరాం డ్రైవరు సీటు పక్క తలుపు తీసుకుని నిలబడ్డాడు. నల్ల కళ్లద్దాలు, కొత్త టోపీ.

"ఇన్సులిన్ కనపడ్తలేదు. నువ్వు తీసినవా?"

"సర్దినట్టున్న. జల్దీ దిగుండ్రి, ఎండెక్కుతుంది."

"ఏ సంచిల సర్దినవ్?"

"ఏదో ఒక సంచిల ఉంటది. అక్కడికి పోయినంక చూసుకుందాంలే."

ఆ మాట దగ్గరే ఉషారాణికి ఒళ్లు మండింది. ఇన్ని నెలల్లో ఆ డబ్బాను చేత్తో తాకని మనిషి దాన్ని సర్దాడట. మంచు ముక్కలు పెట్టే చిన్న సంచి ఖాళీగా ఆమె భుజానికే వేలాడుతోంది. అది లేకుండా మందును వేరే సంచిలో వేస్తే ఎండకు పాడైపోతుందని ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. మరి ఆయన ఎందులో సర్దాడు?

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. కారు వెనక తలుపు ఎత్తి, మొదటి సంచి కిందికి లాగింది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు బలరాం.

"దేవులాడుతున్న."

గేటు లోపల సిమెంటు గచ్చు మీద సంచులు ఒక్కొక్కటే విప్పింది. టెంటు గుడ్డ, దాని రాడ్లు, నేలలో కొట్టే మేకులు, తాళ్లు. కింద పరవడానికి టార్పాలిన్. మాఘమాసపు చలి, పైగా ఏటిగాలి అని నాలుగు రగ్గులు. బియ్యం, కందిపప్పు, ఉప్పుకారాలు, చిన్న గ్యాసు పొయ్యి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టెలు. టార్చి లైట్లు, వాటి సెల్లులు. దోమల మందు. దెబ్బలకు కట్టు గుడ్డలు, జ్వరం గోళీలు. పాము కాటు వేస్తే నాటు పనులేవీ చేయకుండా నేరుగా పోవాలని, భద్రాచలం దవాఖానా నంబరు ముందే ఫోన్లో పెట్టుకుంది. శ్రావణికి షుగరు ఉన్నట్టుండి పడిపోతే పెట్టడానికి బెల్లం ముక్కలు, పంచదార పొట్లాలు వేరే డబ్బాలో. వారం రోజులు ఆలోచించి ఆలోచించి సర్దినవి. ఏది మరిచిపోయినా అడవిలో దొరకదని, నిద్రలో కూడా లేచి ఒకటి రెండు వస్తువులు పెట్టింది. ఇప్పుడవన్నీ గచ్చు మీద అంగడి సామానులా చెల్లాచెదురుగా పడుతున్నాయి.

కింది మెట్టు మీద పూల్‌సింగ్ తన గుడ్డమూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన నిన్న సాయంత్రమే బస్సు దిగాడు. మూటలో జొన్న రొట్టెలు, ఎండుమిరప కారం, ఒక గొంగడి. "మన తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట డేరాలల్ల బతికిండ్రు. నేను ఇండ్లనే పుట్టిన. డేరాల పండుడు ఎట్లుంటదో నా మనుమరాలితోని చూస్త" అని రాత్రి అన్నం దగ్గర మురిసిపోయాడు. ఇప్పుడు కోడలి చేతుల వేగం చూసి ఆ మూటను ఇంకా దగ్గరకు లాక్కున్నాడు.

అన్ని సంచులూ అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. బలరాం నల్ల సంచి. ఆమె దాని మీద చెయ్యి వేయగానే బలరాం అడ్డం వచ్చాడు.

"అండ్ల నా బట్టలే ఉన్నయ్."

"ఉండనీ. చూస్త."

"ఉషా, పక్కింటోళ్లు చూస్తుండ్రు."

"చూడనీ."

ఆయన సంచి పట్టీ వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. ఒక్క క్షణం ఇద్దరూ బజార్లో జేబుదొంగను పట్టుకున్నట్టు పెనుగులాడారు. జిప్పు తెగి సంచి నోరు తెరుచుకుంది. చొక్కాలు, లుంగీ, తువ్వాలు. వాటి కింద నుంచి శ్రావణి కొలతకు కుట్టించిన తెల్లని కొత్త పరికిణీ, జాకెట్టు బయటపడ్డాయి. వాటితో పాటు మోదుగాకుల్లో కట్టిన వేర్ల కట్ట. మైనంతో మూత బిగించిన సీసా, అందులో నల్లటి కషాయం.

ఇన్సులిన్ అందులోనూ లేదు.

ఉషారాణి ఆ తెల్ల పరికిణీని చేతిలోకి తీసుకుని చూసింది. పండగ కాదు, పబ్బం కాదు. ఆ బట్ట కొన్నట్టు తనకు ఎవరూ చెప్పలేదు.

"ఇది ఏంది?"

"పైకి పోయి మాట్లాడుకుందాం పా."

"ఈడనే చెప్పు."

బలరాం కళ్లద్దాలు తీశాడు. గేటు వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు. "దుమ్ముగూడెం అవతల అడవిల ఒక గురువుగారు ఉన్నడు. మూలికల మందు ఇస్తడు. ఆయన కాడ డేరాలు వేసుకుని ఐదు దినాలు ఉండాలె. పొద్దుగాల తెల్లబట్టలు కట్టుకుని కషాయం తాగాలె. షుగరు వేరుతో సహా పోతది. మళ్ల జన్మల రాదు."

"అందుకా ఈ టెంటు?"

"నీకు చెప్తే రానిస్తవా?"

"ఇన్సులిన్ ఎందుకు తీసినవ్?"

ఆయన గొంతు తగ్గింది. "సూది వాడొద్దన్నడు. సూది ఒంట్లె ఉంటే మూలిక పట్టదట."

ఉషారాణి పరికిణీని మడిచింది. మడత మీద మడత వేసి, చాలా నెమ్మదిగా, పక్కన పెట్టింది. ఆమె అరుస్తుందనుకున్నాడు బలరాం. ఆమె అరవలేదు. వార్డులో చనిపోయిన రోగి బంధువులకు చెప్పేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడింది.

"నేను చెప్త విను. సూది బంద్ చేసిన మొదటి దినం దానికి దూప అయితది. బిందెడు నీళ్లు తాగినా ఆరదు. రెండో దినం తిన్నదంత కక్కుతది, కడుపుల నొప్పి అంటది. మూడో దినం ఊపిరి ఎగపోస్తది. నోట్లె నుంచి మురిగిన పండు వాసన వస్తది. నాలుగో దినం నువ్వు శ్రావణీ అని పిలుస్తవు. అది పలకదు. ఐదో దినం నీ గురువుగారికి అసలు పనే ఉండదు. నేను వార్డుల చూసిన, బలరాం. ఒక్కసారి కాదు."

"నీకు దవాఖానా తప్ప లోకమే లేదు." ఈసారి బలరాం గొంతు పెరిగింది. "ఆ డాక్టరు జీవితాంతం సూదులే అన్నప్పుడు నువ్వు తల ఊపి ఊరుకున్నవ్. నేను ఊపలేను. నా బిడ్డ తొడలు చూసినవా? ఏడ చూసినా సూదిపోట్లే. నేను తండ్రిని. దాని ఒంట్లె దినానికి నాలుగు సార్లు సూది దిగుతుంటే నాకేమైతదో నీకేం తెల్సు?"

"నాకు తెల్వది. నువ్వెప్పుడు అక్కడ ఉంటివి గనక?"

ఆయన చేతిలోని కళ్లద్దాలను తిప్పసాగాడు.

"సూది తియ్యంగనే నువ్వు బాల్కనీలకు పోతవ్. ఫోను చెవికి పెట్టుకుంటవ్. అవతల ఎవరూ ఉండరు, బలరాం. ఆ సంగతి నాకు మొదటి వారమే తెల్సు. పోనీ, తట్టుకోలేడు, నెమ్మదిగ అలవాటైతదని ఊకున్న. ఊకుంటే నువ్వు ఏం చేసినవ్? బిడ్డ బాధ పోవాలె అని కాదు నువ్వు తిరిగింది. నీ బాధ పోవాలె అని తిరిగినవ్."

బలరాం ముఖం నల్లబడింది. చేతికి దొరికిన ఆధారం పట్టుకున్నట్టు తండ్రి వైపు తిరిగాడు. "నేనొక్కన్నే అనుకున్నది కాదు. నాయన కూడ సై అన్నడు. అడుగు."

ఉషారాణి మామ వైపు తిరిగింది. నిజానికి ఆమె అనుమానం మొదటే ఆయన మీదకు పోయింది. శ్రావణి దవాఖానాలో ఉన్నప్పుడు తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది ఆయనే. ఆమె నోరు తెరవకముందే పూల్‌సింగ్ మూట పక్కన పెట్టి లేచాడు.

"నేనా? టెంటుల పండుకుందాం రా నాయనా అంటివి. వచ్చిన. సూది బంద్ అన్న మాట నా చెవిల ఎప్పుడు వేసినవ్ రా?"

"మూలికల మందు మంచిదే అంటివి కద."

"అంటి. నాకు మోకాళ్ల నొప్పికి మంచిదే అంటి. పిల్ల నోటికాడి అన్నం గుంజినట్టు సూది గుంజుకొమ్మని అంటినా?" ఆయన వంగి ఆ సీసా తీసుకున్నాడు. పళ్లతో మైనం కొరికి, మూత తీసి, గేటు పక్కన మోరీలో మొత్తం వంపాడు. ముక్కుపుటాలదిరే చేదు వాసన గుప్పుమంది. "నీ తప్పుకు నా పేరు తోడు తీసుకోకు. బిడ్డా, ఆ సూదిమందు ఏడుందో ముందు అడుగు. మిగిలింది తర్వాత."

ఉషారాణికి మామ మీద అనుమానపడ్డందుకు గుండెలో చిన్నగా కలుక్కుమంది. కానీ దానికిది సమయం కాదు.

"ఏడ పెట్టినవ్?"

బలరాం కింది వాటా తలుపు వైపు చూశాడు.

"నేనే ఇచ్చిన."

ఆ గొంతు మెట్ల పైనుంచి వచ్చింది. శ్రావణి తడి జుట్టుతో, ప్రయాణానికని వేసుకున్న కొత్త డ్రెస్సుతో మెట్ల మలుపులో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటుందో.

"నిన్న పొద్దుమీకినంక నేనే తీసి డాడీకి ఇచ్చిన. కింద ఓనరు ఆంటీ వాళ్ల ఫ్రిజ్‌ల ఉంది. డాడీని ఒక్కన్నే అనకు."

"రాత్రి సూది వేసుకున్నవ్ కద. నా ముంగట్నే తొడకు పెట్టుకున్నవ్."

"పెట్టుకున్న. అయిపోయిన పాత పెన్ను అది, బటన్ గూడ ఒత్తలే. పొద్దుగాల కూడ ఒత్తలే."

ఉషారాణి గచ్చు మీది సామాను తొక్కుకుంటూ మెట్లెక్కింది. ఆమె చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. పిల్ల వెనక్కి జరగలేదు. కళ్లు కూడా మూసుకోలేదు.

"కొట్టు" అంది శ్రావణి. "కొట్టేముందు నంబర్ చూస్తవా?"

లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"నువ్వు లేపంగనే నంబర్ ఎంత అంటవ్. బడి నుంచి రాంగనే నంబర్. నవ్వితే షుగరు తగ్గిందా అంటవ్. ఏడిస్తే పెరిగిందా అంటవ్. నాకు ఊకె ఏడుపు రాదా అమ్మా? దోస్తులతోని కొట్లాట అయినా రాదా? నువ్వు దవాఖానాల ఎట్లుంటవో ఇంట్ల గూడ గట్లనే ఉంటున్నవ్. నేను నీకు బెడ్డు మీది పేషెంట్ లెక్క అయిపోయిన." పిల్ల ముక్కు ఎర్రబడింది కానీ గొంతు వణకలేదు. "ఐదు దినాలు ఓర్చుకుంటే ఇదంత పోతదని డాడీ అన్నడు. నువ్వు మళ్ల మా అమ్మ లెక్క అయితవనుకున్న. అందుకే ఇచ్చిన."

పూల్‌సింగ్ తల వంచుకున్నాడు. వీధిలో ఎవరో స్కూటరు ఆపి చూసి, మళ్లీ స్టార్టు చేసుకుని పోయారు.

ఉషారాణి చెయ్యి దించింది. ఆమెలోని కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు ఒంట్లోనే తిరిగింది. మొగుడి మీదైతే నిలబడింది గానీ, ఈ పిల్ల మీద ఎక్కడ నిలబడుతుంది? పిల్ల చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా తను తప్పు చేశానని ఒప్పుకునేందుకు నోరు రాలేదు. అడగకుండా ఉన్న ఒక్క పూటలో ఏం జరగగలదో ఆమెకు తెలుసు.

"అడుగుత" అంది చివరికి. "నీకు కోపమొచ్చినా రేపు కూడ అడుగుత, ఎల్లుండి కూడ అడుగుత. నువ్వు నన్ను తిట్టు. నాతోని మాట్లాడకు. కాని బతికుండి తిట్టు." ఆమె ఒక మెట్టు దిగి నిలబడింది. "నంబర్ కాకుండ, ఎట్లున్నవ్ బిడ్డా అని కూడ అడగాల్సింది. అడగలే. దాని సంగతి నువ్వూ నేనూ కూర్చొని మాట్లాడుకుందాం. ఇప్పుడు మాత్రం వేలు ఇయ్యి."

శ్రావణి తడి చెయ్యి డ్రెస్సుకు తుడుచుకుంది. తర్వాత వేలు చాపింది.

ఉషారాణి భర్త వైపు తిరిగి చూడకుండానే అంది, "డబ్బా తే."

బలరాం కింది వాటా తలుపు తట్టాడు. ఓనరు ఆవిడ ఏమీ ఎరగనట్టు, అన్నీ ఎరిగిన ముఖంతో నీలం డబ్బా తెచ్చి ఇచ్చింది. గచ్చు మీది సామానులోంచి తీసిన షుగరు మిషన్, పిల్ల వేలి రక్తపు చుక్కకు మూడు వందల ఎనభై దాటి చూపించింది. ఉషారాణి కూతురి నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది. ఆ మురిగిన పండు వాసన ఇంకా మొదలవలేదు. అప్పటికి గానీ ఆమె ఊపిరి వదల్లేదు. పెన్ను బయటకు తీసి, లెక్క చూసి, మర తిప్పి మందు మోతాదు పెట్టింది.

"ఇటియ్యి. నేనే వేసుకుంట" అంది శ్రావణి.

తల్లి ఇచ్చింది. పిల్ల మెట్టు మీద కూర్చుని డ్రెస్సు అంచు పైకి జరిపింది. బలరాం కాళ్లు తమకు తెలియకుండానే గేటు వైపు కదిలాయి.

"ఆగు" అంది ఉషారాణి. "మొఖం తిప్పకు. ఇయ్యాల చూడు."

ఆయన ఆగాడు. చూశాడు. సూది దిగింది. శ్రావణి బటన్ ఒత్తి, లోలోపల లెక్కపెట్టుకుని, సూది తీసింది. అంతే. మొత్తం కలిపి ఒక గుటక వేసినంత సేపు. బలరాం గోడ పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. నుదుటి మీద చెమట కారుతోంది. కూతురు ఆయన్ని చూసి, చిరాకూ జాలీ కలిసిన గొంతుతో, "గింతే డాడీ" అంది.

పూల్‌సింగ్ ఒక గ్లాసెడు నీళ్లు తెచ్చి మనుమరాలికి ఇచ్చాడు. కొడుక్కి ఇవ్వలేదు.

ఉషారాణి గచ్చు మీద పరుచుకున్న సామాను మధ్య నిలబడి చుట్టూ చూసింది. ఇక ప్రయాణం లేదు. సెలవు సెలవులాగే మిగిలింది. టెంటు చుట్టబోతుండగా ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఐదు రోజులు, తెల్లబట్టలు, డేరాలు. ఒక్క ఇంటి కోసం ఎవడూ అంత ఏర్పాటు చేయడు.

"ఈ సంగతి నువ్వు ఇంకెవరికన్న చెప్పినవా?"

బలరాం పక్కన పడ్డ టెంటు మేకును వేళ్లతో తిప్పసాగాడు.

"నిన్నే అడుగుతున్న."

ఆయన జవాబు చెప్పేలోపే ఆమె ఫోను మోగింది. తెర మీద శారద పేరు. శారద భర్త రవికుమార్ బలరాం ఆఫీసులోనే లైన్‌మన్. వాళ్ల నాలుగేళ్ల పాపకూ శ్రావణికి ఉన్న జబ్బే. పోయిన దసరా ముందర ఆ పాపను వార్డులో చేర్చినప్పుడు, చేతులు వణుకుతున్న శారదకు సూది పట్టుకోవడం దగ్గరుండి నేర్పింది ఉషారాణే. అప్పటి నుంచి అక్కా అని పిలుస్తుంది.

"అక్కా, ఏడిదాక వచ్చిండ్రు?" గొంతు తెగితెగి వస్తోంది. వెనక గాలి హోరు.

"ఏడికి వచ్చుడు శారదా?"

"ఈడికే అక్కా. డేరాల కాడికి. మేం మొన్ననే వచ్చినం. బలరాం సారు చెప్పిండు కద, నువ్వు గూడ శ్రావణిని తోలుకొస్తున్నవని. నాకు భయమేసింది, వద్దన్న. నర్సమ్మనే తన బిడ్డను తెస్తుంటే మనకేం భయమని మా ఆయన అన్నడు. నీ పేరు చెప్తే నమ్మిన అక్కా."

ఉషారాణి కళ్లు భర్త మీదికి పోయాయి. ఆయన ముఖం బూడిద రంగులోకి తిరిగింది.

"పాపకు సూది బంద్ చేసిండ్రా?"

"మొన్నటి నుంచి లేదు. మందు డబ్బా వాళ్లే తీసి పెట్టుకున్నరు. రాత్రంత కక్కింది. విషం బయటికి పోతుంది, మంచిదే అంటున్నరు. ఇప్పుడు పండుకుంది." శారద గొంతు అకస్మాత్తుగా చిన్నదైంది. పక్కన ఎవరో వింటున్నారేమో. "అక్కా, లేపితే లేస్తలేదు."

"ఊపిరి ఎట్ల తీస్తుంది?"

"జోరుజోరుగ. ఉరికొచ్చినట్టు."

"శారదా, నా మాట విను. పాపను ఎత్తుకో. ఎవరిని అడగకు, బయటికి నడువు. ఆ జాగ పేరేంది? ఏ ఊరి కాడ ఉన్నరు?"

"పేరు తెల్వది అక్కా. కండ్లకు గంతలైతే కట్టలేదు గని, చీకటి పడ్డంక తోలుకొచ్చిండ్రు. చుట్టూ చెట్లే. ఏదో వాగు దాటి..."

మాట అక్కడ తెగింది. ఉషారాణి మళ్లీ చేసింది. మోగలేదు. రవికుమార్ నంబరుకు చేసింది. అదీ మోగలేదు.

ఆమె ఫోను మీద 108 నొక్కబోయి ఆగింది. గచ్చు మీది సామాను దాటుకుంటూ పోయి, గోడకు ఆనుకుని కూర్చున్న మొగుడి ముందు నిలబడింది.

"ఆ డేరాలు ఏడున్నయ్?"

"దుమ్ముగూడెం అవతల."

"అవతల ఏడ? ఊరి పేరు చెప్పు. అంబులెన్సును ఏడికి పంపాలె?"

బలరాం జేబులోంచి ఫోను తీసి చూసి, మళ్లీ పెట్టేశాడు. పూల్‌సింగ్ కొడుకు చొక్కా పట్టుకుని పైకి లేపాడు.

"చెప్పురా."

"తెల్వది నాయనా" అన్నాడు బలరాం. "పర్ణశాల కాడ ఆగి ఫోన్ చేస్తే మనిషి వచ్చి తోలుకపోతడన్నరు. ఆ నంబరు పొద్దుగాల నుంచి బంద్ ఉంది."